జపాను కుండలో కుదిరిన సంబంధం

జపాను భోజన మర్యాదల విషయంలో చిత్తూరు జిల్లా మొత్తానికి నేనే ప్రామాణికుణ్ణని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. శ్రీహరికోటకు రాకెట్టు చూడబోయినప్పుడు ఒక జపాను పెద్దమనిషితో కలిసి పులిహోర తిన్నవాణ్ణి. ఆయన తన దేశపు పద్ధతులన్నీ నాకు విడమరిచి చెప్పాడు. ఏ భాషలో అని అడిగే అల్పబుద్ధులు మా ఊళ్లో లేరు.

అందుకే మామిడికాయల మండీ ఏకాంబరం నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

“కుప్పయ్యన్నా, మా కూతురు ధరణిని సూసేదానికి రుక్మిణమ్మోళ్లు ఇంటికి రారంట. తిరుపతిలో కొత్తగా పెట్టిన జపాను హోటల్లో మాట్లాడుకుందామన్నారు. నువ్వు రావాల. నువ్వేం చేస్తే మేమూ అదే చేస్తాం.”

ధరణి, రుక్మిణమ్మ గారి కొడుకు గిరిప్రసాద్ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఎప్పుడో ఒకరికొకరు నచ్చేశారు. మిగిలింది రుక్మిణమ్మ గారి ఒప్పుదల. ఆమె కోడీ చేపా అన్నీ తింటారు, ఎంగిలి మాత్రం ఓర్చుకోలేరు. కిందటి సంబంధం, పిల్ల తండ్రి చెంబు ఎత్తి తాగకుండా పెదవికి ఆనించాడని తప్పిపోయింది. హోటలైతే ఎవరి పళ్లెం వాళ్లదని ఈసారి ఆమే ఈ ఏర్పాటు చేశారు. దూరదృష్టి అంటే అదీ.

“పెద్దనాయనా, నీ పుణ్యముంటాది, ఆడికి పోయినాక కథలు చెప్పొద్దు,” అని ధరణి దారి పొడవునా బతిమాలింది. నేను చెప్పలేదు. చేసి చూపించాను.

మొదట అందరి ముందూ పొగలు కక్కే తడి తువ్వాలు చుట్టలు పెట్టారు. నాదాన్ని విప్పి, దులిపి, గంభీరంగా భుజాన వేసుకున్నాను. ఏకాంబరం వేసుకున్నాడు. క్షణం ఆలోచించి రుక్మిణమ్మ గారూ వేసుకున్నారు. పక్క బల్ల దగ్గరి కుటుంబం తమ తువ్వాళ్లతో చేతులు తుడుచుకుంటూ మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకుంది. అన్నీ తెలిసినవాళ్లు కాబోలు.

తర్వాత సుషీ వచ్చింది. పచ్చి చేపముక్క కప్పుకున్న అన్నం ముద్దలు, పక్కన గోళీ అంత పచ్చటి ఉండ. లేచి నిలబడి ఉపన్యసించాను.

“సభకు నమస్కారం. ఇది జపాను సంగటి. ఈ పచ్చనిది వారి గోంగూర. సంగటికి ముందు గోంగూరను ఒకే ముద్దగా స్వీకరించడం అక్కడి పెద్దల సంప్రదాయం.”

స్వీకరించాను. కారం ముక్కులోంచి ఎక్కి నడినెత్తిన తలుపు కొట్టింది. శ్రీహరికోటలో నేను చూసింది ఆ పెద్దమనిషి వీపు మాత్రమేనని, పులిహోర పొట్లమంతా నేనొక్కణ్ణే తిన్నానని అప్పుడు గుర్తుకొచ్చింది. అయినా రాయలసీమలో పుట్టినవాడు కారమైందని ఒప్పుకున్న దాఖలా ఏ ప్రభుత్వ రికార్డులోనూ లేదు.

“సప్పగా ఉండాదప్పా,” అన్నాను.

ఏకాంబరం మింగాడు. “సప్పగానే ఉండాదన్నా,” అన్నాడు, కళ్లు ధారలు కడుతుండగా.

రుక్మిణమ్మ గారూ మింగారు. “మా ఇంట్లో పాలు తాగే బిడ్డకి ఇంతకన్నా కారం పెడతాం,” అన్నారు, భుజం మీది తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ. రెండు కుటుంబాలూ కలిసి ఏడుస్తుంటే అప్పగింతలనుకుని వడ్డించే అమ్మాయి కూడా కళ్లొత్తుకుంది. ఆ కళ్లతోనే బల్ల మధ్య పొయ్యి పెట్టి, కుతకుతలాడే కుండ ఎక్కించి, చుట్టూ ఆకులూ పుట్టగొడుగులూ పేర్చింది.

“మీరే ఉడకేసుకోని తినాల.”

“మేమే వండుకునేదానికి ఇంత దూరమెందుకు రావాల?” అన్నారు రుక్మిణమ్మ గారు. కానీ నోరు మండుతోంది, నీళ్ల గ్లాసులు అప్పటికే ఖాళీ. చెంచాలకు బదులు వాళ్లిచ్చిన జంట పుల్లలతో ఐదుగురమూ కుండ మీద పడ్డాం. సంగటి కూడా అందులోనే వేశాం, ఉడికి చక్కటి చేపల పులుసన్నమైంది. ముంచడం, నాకడం, మళ్లీ ముంచడం.

కుండ సగమయ్యాక రుక్మిణమ్మ గారి పుల్ల గాలిలో ఆగిపోయింది. ఆమె ఏకాంబరం పుల్లను చూశారు, తర్వాత కుండలోకి చూశారు. ధరణి తన పుల్లలు కింద పెట్టేసింది.

“అందరి ఎంగిలీ ఇందులోనే ఉండాది గదా,” అన్నారు మెల్లగా.

“మనోళ్ల ఎంగిలి తప్పు గాదని నువ్వే గదమ్మా అంటావు,” అన్నాడు గిరిప్రసాద్, పుట్టగొడుగు నములుతూ.

రుక్మిణమ్మ గారు పుల్ల దించారు.

“అయితే వీళ్లు మనోళ్లు కావాల. ఈ నెల్లోనే కావాల. లేకుంటే నా ఆచారం ఏమైపోతాది?”

ఆ విధంగా ఆచారం రక్షించబడింది, పెళ్లి ఖాయమైంది. ధరణి ఆ కుండలో మిగిలిన చారు ముందు నాకే పోసింది.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, పక్క బల్ల దగ్గర నవ్విన కుటుంబం. నిజానికి ఆ హోటల్లో అందరి భుజాల మీదా తువ్వాళ్లే. మమ్మల్ని చూసి నేర్చుకున్నారు. ఇంతసేపూ మీరు ఆ నవ్వేవాళ్ల బల్ల దగ్గరే కూర్చుని చదివారని నాకు తెలుసు. అయితే ఆ బల్ల లేదు. భుజం ఒకసారి తడిమి చూసుకోండి.