మన భూమి లోపల డొల్లా?

ఆదివారం పొద్దున్న, రిటైరైన ఫిజిక్సు మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గ్లోబు చంకన పెట్టుకుని గ్రంథాలయానికి బయలుదేరారు. భూమి లోపల ఖాళీ అనీ, అక్కడ మరో లోకం కాపురముంటోందనీ ఆయన బావమరిది ఏడాదిగా వాదిస్తున్నాడు. నేటి ఉపన్యాసంతో అది తేలిపోవాలి. పందెం కూడా పడింది: విన్నవాళ్ళలో ఒక్కరైనా డొల్లే అనుకుంటూ ఇంటికెళ్తే మాస్టారు జన్మలో మళ్ళీ ఉపన్యాసమివ్వకూడదు. ఆయనకు అంతకు మించిన వ్యసనం లేదు.

"ఈసారైనా ఎవరైనా వస్తారా?" అంది భార్య.

"పోయినసారి ఇద్దరొచ్చారు."

"అందులో ఒకాయన పేపరు చదువుకోడానికొచ్చాడు."

తీరా వెళ్తే హాలు కిటకిటలాడుతోంది. శాస్త్రం జనానికి దగ్గర కావాలని మాస్టారు ప్రకటనలో 'మన' అనే మాట చేర్చారు. పాత క్వారీ పూడ్చి కట్టిన కొత్త కాలనీవాళ్ళు 'మన భూమి లోపల డొల్లా?' అని చదివి, అది తమ ఇళ్ళస్థలాల సంగతే అనుకున్నారు. ఆ కాలనీ కట్టిన కాంట్రాక్టరూ అలాగే అనుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఇదేమీ ఎరుగని మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

"డొల్ల లేదు," అని మొదట్లోనే తేల్చేశారు. "నడిమధ్య దాకా నిండుగా ఉంది."

హాలు ఊపిరి పీల్చుకుంది. కాంట్రాక్టరు కాలు మీద కాలు వేసుకున్నాడు. మాస్టారు అక్కడ ఆగితే సరిపోయేది. కాని అరకొర నిజం ఆయన ఒంటికి పడదు.

"అయితే అంతా రాయి కాదు. బాగా లోతున కరిగిన ఇనుముంది."

ఒకావిడ లేచి నిలబడింది. "మా వంటింటి కిందా అండీ?"

"మీ ఒక్కరిదే కాదమ్మా, అందరి వంటిళ్ళ కిందా అంతే."

గుసగుసలు లేచాయి. "దిగి చూసొచ్చారా మాస్టారూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

మాస్టారు ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. "దిగక్కర్లేదు. భూమి కంపిస్తే పుట్టే తరంగాలు ఎటెటు పోయాయో యంత్రాలు పట్టేస్తాయి. లోపల ఏముందో వాటి దగ్గర దాచలేం."

కాంట్రాక్టరు కాలు కిందికి దిగింది. "యంత్రాలు... మా వైపు కూడా పెట్టారాండీ?"

"అన్ని వైపులా ఉన్నాయి. ఎప్పట్నుంచో."

కాంట్రాక్టరు చేతులు జోడించి లేచాడు. "ఇంక దాచి లాభం లేదు. వెనక వరస ఇళ్ళ కింద మట్టి పోశాం గాని గట్టిపడేలా దిమ్మిస కొట్టించలేదు. అక్కడ డొల్లే. మొత్తం నేనే బాగుచేయిస్తాను, ఆ యంత్రాల సంగతి మాత్రం పైవాళ్ళకి చెప్పకండి."

తర్వాత మాస్టారి మాట ఎవరికీ వినబడలేదు. "నేను చెప్పింది గోళం గురించి," అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. కాలనీవాళ్ళు చేతులు పట్టుకుని, "మీరు బయటపెట్టకపోతే మా కొంపలు కూలేవి," అన్నారు. అంత పొడవైన చప్పట్లు ఆయన ఉద్యోగంలో ఉండగా కూడా ఎరగరు.

గుమ్మం దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు. "పందెం గుర్తుందా బావగారూ?"

"అది క్వారీ గొయ్యయ్యా."

"డొల్లేగా? భూమిలోనేగా?"

మాస్టారు గ్లోబు చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

ఇంట్లో భార్య గ్లోబు అందుకుంది. "ఎవరైనా వచ్చారా?"

"కుర్చీలు చాల్లేదు."

"నమ్మారా మరి?"

"ఒక్కరు మిగలకుండా నమ్మారు."

ఆ గ్లోబు ఇక అటక మీద పెట్టెయ్యమని చెప్పి ఆయన ఇస్త్రీ చొక్కా విప్పారు.