ఇరుసు లేని బండి ఊరికొచ్చిన రోజు

ఆ పొద్దున హన్మంతు పన్నిన ఉపాయం చాలా చిన్నది. బండి కట్టుకొని, పెబ్బేరు దారిలో మకాం వేసిన తోలుబొమ్మలాట మాసయ్యను తీసుకురావాలి. పొద్దుగూకగానే ఊళ్లో ఆట ఆడించాలి. జనం దడుచుకుంటే పెళ్లాం యాదమ్మ ముందు మీసం దువ్వాలి. అంతే.

దీనంతటికీ కారణం నడిమింట్లో ఉన్న ట్రంకు పెట్టె. దాని నిండా భీకరాచార్య అనే రచయిత రాసిన దయ్యాల కథలు. కృష్ణ దాటి కర్నూలు పోయినప్పుడల్లా హన్మంతు ఇంటికి ఉప్పు తేవడం మరిచాడేమో కానీ ఆ పుస్తకాలు తేవడం మరవలేదు. పాపం, వీపనగండ్ల చుట్టుపక్కల ఆ రచయిత పేరు విన్నవాడు ఇంకొకడు లేడు. అందుకే దొరికిన మనిషినల్లా కూర్చోబెట్టి తన ఇష్టాల వరుస వినిపించేవాడు. "నూతిలో నవ్వు" గొప్పదా, "ఇరుసు లేని బండి" గొప్పదా అని తనే అడిగి, తనే వాదించి, తనే ఓడిపోయేవాడు. వినేవాళ్లు ఎద్దులకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చి లేచిపోయేవాళ్లు.

యాదమ్మకు మాత్రం ఆ పెట్టె ఉన్న చోటు కావాలి.

"నడిమింట్ల నీ దయ్యాలుంటె నా పల్లి విత్తనాలు యాడ పెట్టాలె? పెట్టె కొట్టంల పడేస్త" అంది ముందు రోజు.

"కొట్టంల చెదలుంటయే!"

"ఉండనీ. అవ్వి గుడ చదువుకుంటయి."

"గట్లనకు. ఆ కథలు ఇంటె ఎసొంటోడైన దడుసుకుంటడు."

"ఊళ్లె పదిమంది దడుసుకున్నరని చూపియ్యి. పెట్టె ఆడ్నే ఉండనిస్త. లేకుంటె రేపే కొట్టం."

యాదమ్మ అన్నదంటే చేసే మనిషి. ఆమెకు చెప్పకుండానే హన్మంతు "ఇరుసు లేని బండి" కథతో బొమ్మలాట కుదుర్చుకున్నాడు. ఇక మిగిలింది ఊరికి తెలియజేయడమే. బండి తోలుకుపోతూ, ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసే ఈదన్న ఇంటి ముందు ఆగాడు.

"ఈదన్నా, ఇయ్యాల ఊరంత తిరిగి గట్టిగ చాటాలె."

"ఏమని చాటాలె?"

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. హన్మంతు కళ్లు మెరిశాయి. "చీకటి పడంగనే వస్తది, ఈదన్నా. చచ్చిపోయిన అత్త! బండి మీద వస్తది. ఆ బండికి ఇరుసుండదు, అయినా కిర్రుకిర్రుమంటది."

డప్పుకు సెగ చూపిస్తున్న ఈదన్న చెయ్యి ఆగిపోయింది. "యాడికొస్తది?"

"మనూరికే! ఇన్నాళ్లకు. ఇంటి ముందట నిలవడి, ఇంటోళ్ల గొంతుతోనే పేరు పెట్టి పిలుస్తది. పలికినోళ్లను బండెక్కించుకొని పోతది."

ఆ తర్వాత ఈదన్నకు ఏమీ వినిపించలేదు. హన్మంతు మాత్రం ఆపలేదు. వనపర్తికి వచ్చిన డేరా నాటకం వాళ్లు ఆ అత్త చేత పాట పాడించి కథను ఎలా పాడుచేశారో చెప్పాడు. గ్రామఫోను ప్లేటులో అసలైన నవ్వునే వదిలేశారని బాధపడ్డాడు. ఈసారి మాత్రం అసలు తీరుగా ఉంటుందని భరోసా ఇచ్చి, తృప్తిగా బండి కదిలించాడు.

మాసయ్య మకాంలో పని అనుకున్న దానికంటే ఆలస్యమైంది. పాత రాక్షసి బొమ్మకు మేకవెంట్రుకలు అతికించి అత్తను చేయించేసరికి హన్మంతుకు పది లోపాలు కనిపించాయి. కోరలు ఎక్కువయ్యాయన్నాడు. చూపు సరిగా లేదన్నాడు. మాసయ్య విసుక్కుంటూనే దిద్దాడు. బండి ఊరి పొలిమేర చేరేసరికి మసకచీకటి పడింది. ఇరుసుకు ఆముదం రాయడం మరిచిపోవడంతో బండి దారిపొడవునా కిర్రుమంటూనే ఉంది.

వీధిలో నరపురుగు లేదు. కోళ్లను కూడా ముందే గంపల కింద కమ్మేసినట్టున్నారు. ప్రతి తలుపుకూ వేపరొట్ట వేలాడుతోంది.

"ఏందన్నా, మనుషులే లేరు?" అన్నాడు మాసయ్య.

హన్మంతుకూ ఏమీ అర్థం కాలేదు. ఎదురింటి ముసలమ్మ బసవమ్మకు ఊళ్లో ఏం జరిగినా మొదట తెలుస్తుంది. ఆమె గడప ముందు బండి ఆపి, "ఓ బసవమ్మత్తా!" అని పిలిచాడు.

లోపల ఏదో చెంబు కిందపడి దొర్లింది.

"అత్తా, నేను హన్మంతును! పలుకవేంది? రా, బండి కాడికి రా!"

తలుపు సందులోంచి గుప్పెడు బూడిద వచ్చి అతని ముఖాన పడింది.

హన్మంతు తుమ్ముకుంటూ పక్కింటికి పోయాడు. అక్కడ పిలిచాడు. ఆ పక్కింట్లోనూ పిలిచాడు. ఒకచోట పొయ్యిలో మిరపకాయలు వేశారు. ఇంకొకచోట ఎవరో పిల్లవాడి నోరు నొక్కిపట్టిన చప్పుడైంది. నిన్నటిదాకా తన కథలు వినలేక తప్పించుకున్న జనం ఇవాళ ఆట అనగానే తలుపులు వేసుకున్నారని అతనికి ఏడుపొచ్చింది.

"జనానికి బొమ్మ కనవడితె వాళ్లే ఉరికొస్తరు" అని మాసయ్య ధైర్యం చెప్పాడు. మనిషంత బొమ్మను బసవమ్మ గోడ మీదికి ఎత్తి, వెనక కందిలి దీపం పట్టుకున్నాడు. తోలులోంచి వెలుగు పారి అత్త ముఖం ఎర్రగా మెరిసింది. తలుపు సందులోంచి అది చూసి బసవమ్మ పెట్టిన కేక నాలుగు ఇళ్లు దాటి, ప్రతి ఇంట్లోనూ ఇంకొక కేకను లేపింది.

మాసయ్య బెదిరి బొమ్మను బండిలో పడేశాడు. అప్పుడు పడింది అతని చూపు వేపరొట్టల మీద.

"అమ్మవారు పోసింది గదా ఊళ్లె! నాకు చెప్పకుండ తోలుకొస్తివా?"

"లేదు మాసన్నా, పొద్దుగాల అందరు మంచిగనే ఉండిరి..."

మాసయ్య వినలేదు. మిగిలిన బొమ్మల మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన దారినే పరుగు తీశాడు.

హన్మంతు ఒంటరిగా మిగిలాడు. బండిలో అత్త బొమ్మ అతనివైపే చూస్తోంది. ఆ చూపు దిద్దించింది తనే. ఇన్నేళ్లుగా దయ్యాల కథలు చదివిన మనిషికి మొట్టమొదటిసారి నిజంగా వెన్ను జలదరించింది. ఒక్క ఉరుకున ఇంటి ముందుకొచ్చి తలుపు బాదాడు.

"యాదమ్మా! తలుపు తియ్యి! ఓ యాదమ్మా!"

లోపలి నుంచి మాట వచ్చింది కానీ అతనితో కాదు.

"ఓ రోలూ! బయట నిలవడ్డది మా ఇంటాయన గొంతు లెక్కనే ఉన్నది. నేనైతె పలుకను. నువ్వే అడుగు, ఎవరని."

హన్మంతుకు మతి పోయినంత పనైంది. పెళ్లాం రోలుతో మాట్లాడుతోంది. "నేనేనే! నీ మొగన్ని!"

"ఓ రోలూ! మొగడేనంటున్నది. దయ్యం గుడ అట్లనే అంటది గద. ఇంటాయనే అయితె, ఆయనకు అన్నిటికన్న ఇష్టమైన కథ ఏదో చెప్పుమను."

అంత భయంలోనూ హన్మంతు ప్రాణం లేచి వచ్చింది. పెళ్లైనప్పటి నుంచి యాదమ్మ ఆ మాట అడగాలని ఎదురుచూశాడు.

"అన్నిటికన్ననా? జర ఆగు. దడుసుకునుడు చూస్తె 'నూతిలో నవ్వు'. కని ఆఖరు చూస్తె 'పల్లకిలో పీనుగు' మించింది లేదు. ఇగ 'ఇరుసు లేని బండి' సంగతి వేరు, దాన్ని డేరా నాటకపోళ్లు పాడుజేసిండ్రు గని పుస్తకంలైతె... గ్రామఫోను సంగతి చెప్పాలంటె మల్ల..."

లోపల ఏదో బరువైనది కర్రుమని జరిగింది. గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరిచిన యాదమ్మ చేతిలో చీపురుంది. కళ్లలో నీళ్లున్నాయి.

"నువ్వే. దయ్యమైతె ఒక్కటి చెప్పి ఊకుంటుండె" అంది, అతని రెక్క పట్టుకొని లోపలికి లాగుతూ. "ఈదన్న పొద్దుగాల్నుంచి డప్పు గొట్టి చెప్తుండు, చచ్చిన అత్త బండి మీద వచ్చి ఇంటోళ్ల గొంతుతోని పిలుస్తదని! నువ్వు ఒక్కనివే దారిల చిక్కితివని నా పానం ఆగలే."

హన్మంతు నోరు తెరిచాడు. "అది బొమ్మలాట! బొమ్మలాటని చెప్పలేదా?"

"నువ్వు ఈదన్నకు చెప్పినవా?"

హన్మంతు పొద్దున మాటలన్నీ నెమరు వేసుకున్నాడు. అత్త ఉంది. బండి ఉంది. డేరా నాటకం ఉంది. గ్రామఫోను కూడా ఉంది. బొమ్మలాట మాత్రం ఎక్కడా లేదు.

మెల్లగా తలుపులు తెరుచుకున్నాయి. బసవమ్మ అతణ్ని కడుపారా తిట్టింది. ఈదన్న తన ఇంట్లో వడ్ల గుమ్మి వెనక దొరికాడు. అందరూ దడుచుకున్నందుకు హన్మంతును కొట్టబోయి, మరుసటి రోజు పొద్దుగూకాక అదే కథ మళ్లీ చెప్పమని అడిగారు.

హన్మంతు సిగ్గుతో చచ్చిపోతూనే పెట్టె మాట ఎత్తాడు. "పదిమంది అన్నవు. ఊరంత దడుసుకున్నది. మల్ల..."

"కొట్టంలకు పోదులే" అంది యాదమ్మ, చూపు తిప్పుకొని. అప్పుడు గమనించాడు హన్మంతు. పెట్టె నడిమింట్లో లేదు. దాన్ని ఆమె ఒక్కతే తలుపు దాకా ఈడ్చుకొచ్చి గడియకు తోడు అడ్డం పెట్టింది. బరువు చాలదేమోనని పైన ఇంకా రెండు పుస్తకాలు పేర్చింది.

పల్లి విత్తనాలు నడిమింట్లోకి చేరాయి. పెట్టె తలుపు వెనక ఉండిపోయింది. భీకరాచార్య పుస్తకాలలో నీకు బాగా నచ్చింది ఏదని ఎవరడిగినా యాదమ్మ తడుముకోకుండా చెప్పేది: అన్నిటికన్నా లావుది.