క్యాలెండర్ ఊరికి నిరభ్యంతర పత్రం

మనిషి సముద్రాలు దాటి చలికాలం సెలవులు గడపాలంటే ముందుగా రెండు సంగతులు రుజువు చేసుకోవాలి. తను లేకపోయినా ఫరవాలేదని ఒకరి దగ్గర, తను లేకపోతే గడవదని ఇంకొకరి దగ్గర. ఈ రెండింటినీ ఒకే అధికారి సంతకంతో రుజువు చేసుకోగలిగినవాణ్ణే ఆధునిక పరిపాలన ప్రయాణికుడిగా గుర్తిస్తుంది. తక్కినవాళ్లు ఇంట్లో కూర్చుని మంచు బొమ్మలు చూసుకోవచ్చు. (దానికి ప్రస్తుతానికి అనుమతి అక్కర్లేదు.)

ఈ సత్యం కొర్రీగారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆయన అసలు పేరు ఆఫీసులో జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అనుమతుల విభాగంలో ఆయన బల్ల మీదికి వచ్చిన ఏ ఫైలూ కొర్రీ పడకుండా ముందుకు కదిలిన పాపాన పోలేదు. సంతకం ఉంటే తేదీ ఏదంటారు. తేదీ ఉంటే ముద్ర ఏదంటారు. అన్నీ ఉంటే, ఇన్ని ఎందుకు పెట్టారంటారు. జనం విసిగి వేసారి ఆ పేరు పెడితే ఆయన దాన్ని బిరుదు కింద జమ వేసుకున్నారు.

ప్రయాణం ఆలోచన ఆయనది కాదు, ఆయన భార్యది. వాళ్ల వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన ఎప్పటిదో ఒక క్యాలెండరు డిసెంబరు పేజీ దగ్గర ఆగిపోయి ఉంది. మంచు కప్పిన వంతెన, వెనక గడియార గోపురం, వంతెన మీద ఎర్ర గొడుగు వేసుకున్న ఒక మనిషి. యూరప్‌లో ఏదో నగరం. పేరు పలకడానికి నోరు తిరక్క ఇంటిల్లిపాదీ దాన్ని క్యాలెండర్ ఊరంటారు. కొత్త క్యాలెండర్లు ఎన్నో వచ్చాయి, పోయాయి. ఇది మాత్రం మేకు దిగలేదు. పెళ్లయిన కొత్తలో కొర్రీగారు ఏ కళనున్నారో, "ఒక చలికాలం నిన్ను అక్కడికి తీసుకెళ్తాలే" అన్నారు. అన్నాయన మర్చిపోయారు, విన్నావిడ మర్చిపోలేదు. ఏటా అడిగి అడిగి, ఈ ఏడు అడగడం మానేసి సామాను సర్దడం మొదలుపెట్టింది. చెల్లెలి దగ్గర ఉన్ని కోటు ఎరువు తెచ్చి, అది తొడుక్కుని, ఫ్రిజ్ తలుపు బార్లా తీసి దాని ముందు నించోసాగింది.

"కరెంటు బిల్లు ఏం కావాలి?" అన్నారు కొర్రీగారు.

"చలి అలవాటవ్వాలి కదండీ. అక్కడికెళ్లి వణుకుతూ కూచుంటే ఫొటోలు బాగా రావు" అంది ఆవిడ, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

ఇక తప్పదని కొర్రీగారు రంగంలోకి దిగారు.

గైర్హాజరు నియమావళి ప్రకారం సుదీర్ఘ సెలవు కోరే ఉద్యోగి తన పైఅధికారి నుంచి ఒక పత్రం తేవాలి. 'సదరు ఉద్యోగి లేకపోవడం వల్ల విభాగం పనికి ఎలాంటి ఆటంకమూ కలగదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని అందులో ఉంటుంది. కొర్రీగారు ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లారు. ఆయన కొంచెం బెట్టు చేస్తాడని, లేకపోతే కనీసం ఒక నిట్టూర్పన్నా విడుస్తాడని కొర్రీగారి ఆశ. సూపరింటెండెంటు ఫోన్లో మాట్లాడుతూనే, తలెత్తకుండా సంతకం గీకేశాడు.

"మీరు చదవలేదు సార్" అన్నారు కొర్రీగారు, నొచ్చుకుంటూ.

"చదవడానికేముందయ్యా? నువ్వు లేకపోతే ఇబ్బంది లేదనేగా! నాకు తెలుసుగా."

వీసా కేంద్రంలో అడుగుపెట్టాలంటే ముందు ఒక యాప్ అనుమతించాలి. దరఖాస్తుదారు మనిషేనని నమ్మడానికి అది పొగగొట్టాలున్న బొమ్మలన్నీ గుర్తుపట్టమంటుంది. కొర్రీగారు ఒక బొమ్మ దగ్గర ఆగి, ఇది పొగగొట్టమా, దీపస్తంభమా అన్నది స్పష్టంగా లేదని అభిప్రాయపడ్డారు. ఆయన అభిప్రాయపడుతుండగానే యాప్ ఆయన్ని మనుషుల జాబితాలోంచి తీసేసింది. ఆవిడ కూర తిప్పుతూ ఎడంచేత్తో నాలుగు బొమ్మలు నొక్కి ఇద్దరికీ సమయం సంపాదించింది.

కేంద్రంలో కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. (వాటికీ తిరిగి వచ్చే ఉద్దేశం లేదేమోనని అనుమానం కాబోలు.) ఫొటోలో నవ్వకూడదని గోడ మీద రాసి ఉంది. కొర్రీగారి ఫొటో చూసి అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. ఆవిడది మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

గాజు పలక వెనక కూర్చున్న అమ్మాయి ఆఫీసు పత్రాన్ని శ్రద్ధగా చదివింది. కొర్రీగారికి ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. ఆ గౌరవం ఎంతోసేపు నిలవలేదు.

"సార్, మీరు లేకపోయినా ఫరవాలేదని మీ ఆఫీసే రాసిచ్చింది."

"అవునమ్మా. సెలవు కావాలంటే అలా రాయాలి."

"మరి మీరు వెనక్కెందుకు వస్తారు?"

ఇంత ముచ్చటైన కొర్రీ తన సర్వీసు మొత్తంలో తను కూడా వేయలేదని కొర్రీగారు మనసులోనే ఒప్పుకున్నారు.

"పునరాగమన కాంక్ష నిర్ధారణ పత్రం తీసుకురండి సార్. మీరు లేకపోతే అక్కడ గడవదని మీ ఆఫీసరు రాయాలి" అంది ఆ అమ్మాయి. తర్వాత కొర్రీగారి భార్య కాగితాలు తిరగేసి, "అమ్మా, మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

ఆవిడ జవాబు చెప్పేలోగా కొర్రీగారే అందుకుని, "ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, కాగితాలు సంచిలో పెట్టుకుంది.

సూపరింటెండెంటు ఈసారి ఫోను పక్కన పెట్టాడు. "నిన్న అక్కర్లేదని రాశాను. ఇవాళ నువ్వు లేందే గడవదని రాస్తే ఆడిట్ వాళ్లు నా పీక పట్టుకోరూ?" అన్నాడు. ఇద్దరూ తలుపులు వేసుకుని కూర్చుని, పాత ఉత్తర్వులు తిరగేసి, ఎవరి పీకకూ ప్రమాదం లేని వాక్యం ఒకటి తయారుచేశారు. దాని ప్రకారం కొర్రీగారు సెలవు ముగిసే రోజు సాయంత్రం వరకు అక్కర్లేని మనిషి. మర్నాడు ఆఫీసు తలుపులు తెరిచిన క్షణం నుంచి అత్యంత ఆవశ్యకమైన మనిషి.

గాజు పలక వెనక అమ్మాయి దాన్నీ శ్రద్ధగా చదివింది. "మధ్యలో ఆ రాత్రి ఏం జరుగుతుంది సార్?"

"నిద్రపోతానమ్మా" అన్నారు కొర్రీగారు, వేరే సమాధానం తోచక.

దాంతో ఫైలు కాంక్షా నిర్ధారణ అధికారికి వెళ్లింది. మనిషి అవసరాన్ని మాటల మీద నమ్మే రోజులు పోయాయని, ప్రయోగం చేసి తేల్చాలని ఆ అధికారి సిద్ధాంతం. అందుకు 'నమూనా గైర్హాజరు' అనే పద్ధతి ఉంది. దరఖాస్తుదారు ఒక వారం పాటు తన చోట కనబడకూడదు. ఆ వారంలో అక్కడ ఏమేం ఆగిపోయాయో విచారించి, దాన్నిబట్టి కాంక్ష కొలుస్తారు. ఉద్యోగం లేని దరఖాస్తుదారుల విషయంలో ఇంటినే ఆఫీసుగా భావిస్తారు. (ఇంట్లోవాళ్లు అలా భావించనక్కర్లేదు.)

కొర్రీగారు ఆఫీసు మానేసి ఇంట్లో కూర్చున్నారు. ఆవిడ ఉన్ని కోటుతో సహా చెల్లెలింటికి వెళ్లింది. వెళ్లేముందు ఇంటి సంగతులు చెప్పబోతే కొర్రీగారు చెయ్యి అడ్డం పెట్టి, "విభాగం నడుపుతున్నవాణ్ణి, ఇల్లు నడపలేనా?" అన్నారు.

మొదటి రోజంతా ఆయన ఫోను చేత్తో పట్టుకునే తిరిగారు. తను లేక ఫైళ్లు కొండలా పేరుకుపోయి ఉంటాయని, ఎవరో ఒకరు గోలపెడుతూ ఫోన్ చేస్తారని చూశారు. వారం మొత్తానికి ఒక్క ఫోన్ వచ్చింది. మొదటి రింగుకే ఆయన ఎత్తారు.

"కొర్రీగారూ, మీ కుర్చీ ఖాళీగానే ఉందిగా? పక్క విభాగంలోకి కొత్తమ్మాయి వచ్చింది. పట్టుకెళ్లమంటారా?"

ఇంట్లో సంగతి వేరుగా ఉంది. నీళ్ల మోటారు వేయడం వరకు ఆయనకు తెలుసు. ఆపాలన్న సంగతి మేడ మెట్ల మీదుగా నీళ్లొచ్చి చెప్పాయి. బట్టలు ఉతికే మిషన్ తలుపు ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరుచుకోలేదు. అందులో ఆయన చొక్కాలన్నీ ఉన్నాయి. ఆయన తల్లి వేసుకునే మాత్రల్లో తెల్లది తిండికి ముందో, సగం విరిచిన గులాబీ రంగుది ముందో తెలియక రెండూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. తల్లీకొడుకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉప్పు దొరకలేదు. దొరికిందనుకున్నది పంచదార.

వారం మధ్యలో కాంక్షా నిర్ధారణ అధికారి తలుపు తట్టాడు. కొర్రీగారు తువ్వాలు చుట్టుకుని, మిషన్ తలుపు సందులో గరిట దూర్చిన స్థితిలో ఆయనకు దర్శనమిచ్చారు. అధికారి నీళ్లలోంచి జాగ్రత్తగా నడిచి వచ్చి, తడవని కుర్చీ చూసుకుని కూర్చుని పలక కంప్యూటరు తీశాడు.

"గ్యాసు అయిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు సార్?"

"మా ఆవిడకి తెలుసు."

"అమ్మగారిని డాక్టరుకి మళ్లీ ఎప్పుడు చూపించాలి?"

"అదీ... ఆవిడకే తెలుసు."

"ఇంటి తాళం రెండోది ఎక్కడుంటుంది?"

ఈసారి జవాబు కోసం ఆగకుండానే అధికారి రాసుకున్నాడు. పోతూ పోతూ వసారాలో కూర్చున్న పెద్దావిడ దగ్గర ఆగి, "కోడలు లేకపోతే ఇల్లంతా ఖాళీగా ఉందా అమ్మా?" అని పలకరించాడు.

"ఖాళీగా ఉన్నా బాగుండేది బాబూ. మావాడు ఇంట్లోనే ఉన్నాడు" అంది పెద్దావిడ.

నిర్ణయం త్వరగానే వచ్చింది. శాఖవారి భాషలో చెప్పాలంటే, కొర్రీగారు లేని వారంలో అనుమతుల విభాగంలో ఏదీ ఆగలేదు. పైగా ఏళ్లుగా ఆగినవి కదిలాయి. ప్రజలు సూపరింటెండెంటుకు ధన్యవాదాలు చెప్పి వెళ్లారు. 'కావున దరఖాస్తుదారు తిరిగి రావలసిన అవసరం ఏదీ మాకు కనబడలేదు. వీసా తిరస్కరించడమైనది. ఎక్కడో ఒకచోట అవసరపడిన మీదట వచ్చే చలికాలం మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చును.' ఆవిడ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. 'ఈమె తిరిగి రాకపోయే ప్రశ్నే లేదు. వీసా మంజూరు చేయడమైనది.'

అయితే ఒక షరతు ఉంది. ఇంత ఆవశ్యకమైన మనిషిని కదిలిస్తున్నారు కాబట్టి, ఆవిడ లేకపోవడం వల్ల ఇంటికి ఎలాంటి అసౌకర్యమూ కలగదని ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఆ సంతకం లేకపోతే వీసా చెల్లదు. (ఇల్లు ఎవరు నడుపుతున్నారో శాఖవారు విచారించి తేల్చారు గానీ, యజమాని ఎవరన్నది మాత్రం విచారించలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నారు.)

కొర్రీగారు ఆ పత్రాన్ని భోజనాల బల్ల మీద పరిచి కూర్చున్నారు. ఆయనకు ఒళ్లు మండుతోంది. అంతకన్నా ఎక్కువగా భయం వేస్తోంది. ఆవిడ చెల్లెలింటి నుంచి వచ్చిన గంటలో నేల ఆరింది, మిషన్ తలుపు తెరుచుకుంది, తల్లి మందులేసుకుని నిద్రపోయింది. ఇప్పుడు మళ్లీ వెళ్తానంటోంది, అదీ ఒక్కతే.

"వచ్చే ఏడు ఇద్దరం కలిసి వెళ్దాంలే. తొందరేముంది?" అన్నారు.

"చెల్లెలు కూడా నాతో వస్తానని దరఖాస్తు పెట్టిందండీ, తనకీ వీసా వచ్చింది. వాళ్లాయన సంతకం పెట్టేశాడు."

"ఈ పత్రంలో చాలా లోపాలున్నాయి. 'అసౌకర్యం' అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు. ఎంతకాలమో లేదు. యజమాని అంటే..."

"కొర్రీ వేస్తారా?" అంది ఆవిడ.

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అని, గోడ మీది క్యాలెండరుకు అంటుకున్న నూనె జిడ్డు చీర చెంగుతో తుడుస్తూ నిలబడింది. వంతెన మీద ఎర్ర గొడుగు మనిషి మొహం వెలిసిపోయి చాలా కాలమైంది. గొడుగు రంగు మాత్రం ఇంకా ఉంది. రోజూ ఆవిడ అలా తుడుస్తుంటుందని, అందుకే ఆ రంగు నిలిచిందని కొర్రీగారికి ఇన్నాళ్లకు తట్టింది. వీసా కేంద్రంలో తను అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆయనకు సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి, లోపాలు కనిపిస్తున్న కాగితం మీద సంతకం పెట్టాలని నిశ్చయించుకున్నారు.

జేబు తడుముకున్నారు. సొరుగు లాగారు. దిండు కింద చూశారు, ఫ్రిజ్ మీద చూశారు. ఆఖరికి గొంతు సవరించుకుని, "ఏమోయ్, పెన్ను ఎక్కడుంది?" అన్నారు.

"టీవీ కింద రెండో అరలో, టార్చిలైటు వెనకాల."

అక్కడే ఉంది. కొర్రీగారు తీసుకొచ్చి, 'ఈమె లేకపోవడం వల్ల ఇంటికి ఎలాంటి అసౌకర్యమూ కలగదు' అన్న వాక్యం కింద పొందిగ్గా సంతకం చేశారు. ముద్ర లేదే అని కూడా అనలేదు. ఆవిడ కాగితం అందుకుని, రెండుసార్లు చదువుకుని, ఫొటోలో నవ్వొద్దన్నా నవ్విన నవ్వే మళ్లీ నవ్వి, కోటు మడత పెట్టుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

పెన్ను మళ్లీ ఏ అరలో పెట్టాలో కొర్రీగారికి అప్పుడే గుర్తులేదు.