పదిన్నరకు పైనుంచి తనిఖీ

జూన్ పద్దెనిమిది, గురువారం. ఆ ఉదయం మాస్టారు తిన్నది ఒక ఉడికించిన గుడ్డు, రెండు మాడిన బ్రెడ్డు ముక్కలు. ఇంత బాగా గుర్తుండటానికి కారణం, ఆ తర్వాత రోజంతా ఆయన గొంతులోకి ఇంకేమీ దిగకపోవడమే.

చిత్తడినేల సంరక్షణ ఆఫీసులో ఉపగ్రహ చిత్రాలు చదివేది ఆయనే కాబట్టి అందరూ ఆయనను ఆకాశం మాస్టారు అంటారు. ముందురోజు సాయంత్రం డైరెక్టరుగారి బల్లమీద ఒక చీటీ పెట్టి ఇంటికి వెళ్లారు. "రేపు పదిన్నరకు ఉపగ్రహం మన చిత్తడినేల మీదుగా వెళ్తుంది. కమిటీ ఆ చిత్రాన్నే చూస్తుంది." పచ్చదనం తగినంత కనిపించకపోతే కమిటీ ఆ నేలను బస్సు డిపోకు ఇచ్చేస్తుంది. ఆరేళ్ల శ్రమ.

చీటీలో తప్పేమీ లేదు. డైరెక్టరుగారు ఉపగ్రహాలను ఎరగరు గాని, ముప్పై ఏళ్లుగా తనిఖీలను బాగా ఎరుగుదురు.

ఎనిమిదింటికి మాస్టారు చిత్తడినేల గట్టు ఎక్కేసరికి నాలుగు యంత్రాలు జమ్ముగడ్డిని కోస్తున్నాయి. పక్కనే డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు.

"ఏంటి సార్ ఇది?"

"పైనుంచి వస్తున్నారని నువ్వే కదయ్యా రాశావ్! ఇదేమో గడ్డం గీయని మొహంలా ఉంది."

"వాళ్లు చూడాల్సింది ఆ గడ్డినే సార్!"

డైరెక్టరుగారు చెయ్యెత్తి యంత్రాలను ఆపమన్నారు. "ఆ ముక్క నిన్ననే చెప్పి ఏడవచ్చుగా?"

యంత్రాలు ఆగాయి. అప్పటికే సగం నేల బోడిగా ఉంది. ప్రతి మొక్కనూ చేత్తో నాటిన నర్సరీ అక్క నడుం మీద చేతులు పెట్టుకుని మాస్టారి వైపు తిరిగింది. "ఆరేళ్లు పెంచాను అన్నయ్యా. పొద్దున్నే గుండు కొట్టించేశారు. వేళ్లు మిగిలాయి, అదే పదివేలు."

"ఆ ఉపగ్రహాన్నో గంట ఆలస్యంగా రమ్మనవయ్యా!" అన్నారు డైరెక్టరుగారు.

"అది ఎవరి మాటా వినదు సార్."

"ఏ శాఖది?"

చివరికి కోసిన మేరంతా కప్పేయాలని తేల్చారు. టెంట్లవాడి దగ్గర పచ్చగుడ్డలు అయిపోయాయి, తెల్లవే మిగిలాయి. ఆదరాబాదరా పరిచేసరికి పదీ ఇరవై ఎనిమిది. డైరెక్టరుగారు చొక్కా సర్దుకుని, ఆకాశం వైపు చూస్తూ వినయంగా నవ్వారు.

"తీసిందా?"

"తీసి, ఈపాటికి ఇంకో దేశం చేరుకుంది సార్. ఇక నవ్వక్కర్లేదు."

మధ్యాహ్నం మాస్టారు కంప్యూటర్లో చిత్రం తెరిచారు. తెల్లగుడ్డలున్న చోట సాఫ్ట్‌వేర్ ఒకే మాట రాసింది: మేఘం. మేఘం అడ్డొస్తే అంతకుముందు చిత్రాన్ని చూడాలని కమిటీ నియమం. అది ఐదు రోజుల కిందటిది, గట్టు నుంచి గట్టు దాకా పచ్చగా ఉంది.

ఆయన మనసు ఒప్పుకోలేదు. కమిటీ అధ్యక్షురాలికి ఫోన్ చేశారు. "మేడమ్, అది మేఘం కాదు, గుడ్డ. కింద గడ్డి కోసేశాం. వేళ్లున్నాయి, నెలలో మళ్లీ లేస్తుంది."

ఆవిడ నవ్వారు. "ఇంత బాగా పెంచి కూడా ఎంత వినయమండీ! మేఘాన్ని గుర్తుపట్టడంలో మా సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ పొరబడదు. ఆ నేల ఇక మీ ఆఫీసుదే, ఉంచుకోండి."

చీకటి పడుతుండగా అక్క యంత్రాలను గదిలోకి తోసింది.

"మళ్లీ ఎప్పుడొస్తుంది అన్నయ్యా అది?"

"మంగళవారం," అన్నారు మాస్టారు.

"డైరెక్టరుగారికి మాత్రం చెప్పకండి," అని చప్పుడు కాకుండా తలుపు మూసింది.