పెద్రా బ్రావాలో చేబదులు గర్భం

మా పెద్రా బ్రావా పట్టణంలో సంతాన వైద్య నిపుణుల కొరత ఏనాడూ లేదని ముందుగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. బేకరీ నడిపే దోనా ఎర్మీనియా నిపుణురాలు. మందుల షాపు యజమాని నిపుణుడు. చర్చిలో గంట కొట్టే పెద్దమనిషి మరింత నిపుణుడు, పైగా బ్రహ్మచారి. వైద్యం చదివినవారు వీరిలో ఒక్కరూ లేకపోవడం కేవలం యాదృచ్ఛికం. వీరి దగ్గర ఫీజు లేదు, ముందుగా సమయం అడిగి పెట్టుకోనక్కర లేదు, అసలు రోగి సలహా అడగాలన్న నిబంధనే లేదు. కాఫీ కాగేలోపు రోగనిర్ణయం, రొట్టె కాలేలోపు చికిత్స పూర్తయిపోతాయి.

ఇంతమంది మేధావులకు చాలాకాలంగా చేతినిండా పని కల్పించిన ఘనత జెనైదీకి దక్కుతుంది. ఆమె కాఫీ సహకార సంఘంలో రుచి చూసి గింజల తరగతి తేల్చే ఉద్యోగి. భర్త ఒటాసీలియో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. గడ్డల వల్ల ఆమె గర్భసంచిని ఆపరేషన్ చేసి తీసివేశారు. అండాశయాలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ ఇద్దరికీ బిడ్డ కావాలి. ఇంతకుమించి ఈ కథలో చిక్కేమీ లేదు. మిగిలిన చిక్కంతా ఊరు సొంత ఖర్చుతో సమకూర్చింది.

మొదటి చికిత్సగా సెయింట్ ఆంటోనీ బొమ్మను తలకిందులుగా నీళ్లలో నిలబెట్టాలని తీర్మానించారు. ఆ పద్ధతి మొగుడు దొరకడానికి కదా అని జెనైదీ అడిగింది. మొగుణ్ణి తేగలిగినవాడికి పిల్లను తేవడం ఒక లెక్కా అన్నారు. తర్వాత అవకాడో ఆకుల కషాయం వచ్చింది.

“నాకు గర్భసంచే లేదు కదండీ, దోనా ఎర్మీనియా!” అంది జెనైదీ, గిన్నె చేతిలో పట్టుకుని.

“అంత నిరాశ పనికిరాదమ్మాయ్. మా ఆడపడుచుకి డాక్టర్లు ఆశ లేదని చేతులెత్తేస్తే కవలలు పుట్టారు.”

“ఆవిడకి గర్భసంచి ఉందిగా?”

“ఉంటే మాత్రం? నమ్మకం కూడా ఉందిగా!”

నేను ఈ ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. గర్భసంచి బొమ్మ గీసి, భాగాలు గుర్తించమని ఊరిలో సగం మందికి ప్రశ్న ఇచ్చినవాణ్ణి. అందరూ ఫస్టు క్లాసులో పాసయ్యారు. అందుచేత ఈ సంభాషణ విని నేనేమీ ఆశ్చర్యపోలేదు.

చివరికి దంపతులు ఊరి విజ్ఞానాన్ని అవమానించి రాజధానికి వెళ్లారు. మొదట చూసిన ఆసుపత్రి వైభవాన్ని వర్ణించడం నా తరం కాదు. గుమ్మంలో నీటి ఫౌంటెను, లోపల పియానో, గోడ పొడుగునా నవ్వే పసిపిల్లల ఫోటోలు. అక్కడి డాక్టరుగారు లేచి నిలబడి ఉపన్యసించారు: “అమ్మా, అయ్యా! ఈ సంస్థ నిఘంటువులో ఓటమి అన్న మాట లేదు. ఇక్కడ విజయాలు ఉంటాయి, వాయిదా పడిన విజయాలు ఉంటాయి, అంతే!” ఒటాసీలియో పరవశించిపోయాడు. బయటికొచ్చాక పక్క వీధిలోని ఫోటో ఫ్రేముల దుకాణం అద్దంలో ఆసుపత్రి గోడమీది నీలికళ్ల పసివాడే, అదే నవ్వుతో, ప్రతి ఫ్రేములోనూ కనిపించాడు. పరవశం కొంత వాయిదా పడింది.

రెండో చోట ప్లాస్టిక్ కుర్చీలు, పల్చటి కాఫీ, డాక్టర్ ఇయోలాండా. ఆమె ఉపన్యసించలేదు. ప్రశ్నలు వేసింది, రిపోర్టులు చదివింది, ఉన్నదున్నట్టు చెప్పింది: జెనైదీ అండాన్ని, ఒటాసీలియో బీజాన్ని బయట కలిపి పిండం తయారు చేయవచ్చు, దాన్ని మోయడానికి మరొక స్త్రీ ఒప్పుకోవాలి.

“తప్పకుండా పుడుతుందా, డాక్టరుగారూ?” అని అడిగింది జెనైదీ.

“తెలీదమ్మా. మొదటిసారి కుదరకపోవచ్చు. రెండోసారీ కుదరకపోవచ్చు.”

బస్టాండులో ఒటాసీలియో గొణిగాడు. “అంత చదువు చదివి తెలీదంటుందేంటే?”

“తెలీనిది తెలీదనే మనిషి ఇన్నాళ్లకి ఒక్కత్తి కనబడింది. ఈవిడే మన డాక్టరు, పద,” అంది జెనైదీ.

ఈ వార్త పెద్రా బ్రావాను కలచివేసింది. మా ఊళ్లో ‘తెలీదు’ అన్న మాటను ఏ నిపుణుడూ ఏనాడూ వాడి ఎరుగడు. అలాంటి డాక్టరు నకిలీ అయి ఉండాలని మందుల షాపు ముందు ఏకగ్రీవంగా తేలింది.

పాఠకులు ‘అద్దె గర్భం’ అన్న మాట వినే ఉంటారు. మా దేశంలో ఆ మాట చెల్లదు. మా వైద్యమండలి నియమం ప్రకారం మోసే స్త్రీ పైసా తీసుకోరాదు, ఆమెకు అప్పటికే బిడ్డ ఉండాలి, దంపతుల్లో ఒకరికి నాలుగో మెట్టులోపు చుట్టం కావాలి. అంటే తల్లి, అక్కచెల్లెళ్లు, పిన్ని, మేనత్త, బాబాయి కూతురు, ఆ వరస. కనుక దీన్ని చేబదులు గర్భం అనడం న్యాయం. చేబదులు అనగానే చుట్టాలకు ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర లేదు.

ఆదివారం భోజనాల తర్వాత కుటుంబ మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఒటాసీలియో పెదనాన్న బెలార్మినో, మాజీ పురపాలక సభ్యుడు. బెండకాయ కోడికూర తిన్న చేతిని తుడుచుకుని ఆయన లేచాడు. “ఈ వంశం ఏ త్యాగానికీ వెనుదీయలేదు! ఈ వంశపు కడుపు సిద్ధంగా ఉంది! నేటికీ, రేపటికీ, ఎల్లప్పటికీ!” అని తన కడుపు మీద చరుచుకున్నాడు. మగవాళ్లంతా చప్పట్లు కొట్టి తామూ సిద్ధమేనన్నారు. ఆడవాళ్లు మాత్రం గిన్నెలు కడగడానికి ఒక్కసారిగా పోటీపడ్డారు. ఒకామెకు నడుం నొప్పి. ఒకామె కార్నివాల్ దుస్తులకు అప్పటికే కొలతలు ఇచ్చేసింది. ఒకామె మొగుడు చప్పట్లు కొడుతుండగానే భార్యకు ఆరోగ్యం బాగుండదని గుర్తుచేసుకున్నాడు. త్యాగానికి సిద్ధమైన వంశం సాయంత్రానికల్లా ఇళ్లకు వెళ్లిపోయింది.

ఆ సభలో లేని చుట్టం ఒకతె ఉంది. పేరు క్లియోనీసి. ఒటాసీలియోకు చనిపోయిన బాబాయి కూతురు, కచ్చితంగా నాలుగో మెట్టు. బడిపిల్లల వ్యాను నడుపుతుంది. పెళ్లి కాకుండా కూతుర్ని కన్న నేరానికి, ‘ఇది మాకేమీ కాదు’ అని బెలార్మినో అప్పట్లోనే ఆమెను వంశంలోంచి తొలగించాడు. అప్పట్నుంచి ఆదివారం భోజనాల్లో ఆమెకు కుర్చీ లేదు. వ్యానులో పిల్లల కబుర్లలో సంగతి విని, ఆమె తిన్నగా సహకార సంఘానికి వచ్చింది.

“వదినా, రోజూ ఊళ్లో పిల్లలందర్నీ ఎక్కించుకుని ఎవరిళ్ల దగ్గర వాళ్లను దింపుతున్నా. మీ పిల్లనొక్కదాన్ని తొమ్మిది నెలలు మోసి దింపలేనా?”

జెనైదీ చేతిలోని కాఫీ చెంచా పక్కన పెట్టింది. “నీకేమిచ్చి ఋణం తీర్చుకోనే, క్లియో?”

“ఏం తీసుకోకూడదటగా! ఆదివారం భోజనానికి పిలవండి. నాకూ నా కూతురికీ చెరో కుర్చీ వేయండి, చాలు.”

అయితే చుట్టరికాన్ని డాక్టరుకు రుజువు చేయాలి, అందుకు కుటుంబ పెద్ద వచ్చి సాక్ష్యం చెప్పాలి. బెలార్మినో చేతులు చాచి ఎదురొచ్చాడు. “రక్తం ఎక్కడికి పోతుందే, పిచ్చిదానా!”

“మొన్నటిదాకా ఎక్కడికో పోయిందిగా, పెదనాన్నా. దారి తప్పిందేమో,” అంది క్లియోనీసి. ఆయన దాన్ని అభినందనగా స్వీకరించాడు.

ఇప్పుడు ఊరికి కొత్త అనుమానం వచ్చింది. అన్న బిడ్డను చెల్లెలు మోయడమేమిటని సందుసందునా గుసగుసలు. నన్ను బేకరీకి పిలిపించారు. పిండి చల్లిన బల్లమీద వేలితో బొమ్మలు గీసి, అండం ఎవరిదో, బీజం ఎవరిదో, మోసేది ఎవరో వివరించాను. దోనా ఎర్మీనియా ముఖం వెలిగిపోయింది. “అంటే పిండి వాళ్లది, పొయ్యి క్లియోనీసిది. ఇంతేగా మాస్టారూ?” అంతేనన్నాను. నా నలభయ్యేళ్ల బోధనకు సార్థకత లభించిందనుకున్నాను. అంతలో ఆవిడే అంది: “అయితే చీజ్ రొట్టెకి పొయ్యి వాసన పట్టదూ? ఈ పిల్ల పుట్టగానే వ్యాను తోలుతుంది, చూస్తూ ఉండండి!”

మొదటిసారి కుదరలేదు. డాక్టర్ చెప్పినట్టే జరిగినందుకు ఊరు డాక్టర్‌ను నిందించింది. వ్యాను కుదుపులే కారణమని కొందరు, క్లియోనీసి పాత పాపమే కారణమని బెలార్మినో తీర్పులిచ్చారు. జెనైదీ వారం రోజులు కాఫీ రుచి చెప్పలేకపోయింది. ఏది తాగినా ఒకటే చేదు. క్లియోనీసి ఆమె గుమ్మంలో హారన్ కొట్టింది. “ఏడ్చింది చాలు, బండెక్కు వదినా. మొదటి ట్రిప్పులో సీటు ఖాళీ పోయిందని రూటు మానేస్తామా?”

రెండోసారి కుదిరింది.

ఇక ఆ కుటుంబపు ఆనందం చూడాలి! ఆదివారం భోజనంలో క్లియోనీసికి మెత్తటి కుర్చీ, కోడికాలు, వీపు వెనక దిండు. కూతురికి పక్కనే మరో కుర్చీ. స్కానింగ్ బొమ్మ తీసి ఫోన్లలో ఊరంతా పంపారు. మా దేశంలో జంతువుల లాటరీ అనే జాతీయ విద్య ఒకటుంది. చట్టం దాన్ని నిషేధించింది, ప్రతి వీధి మలుపూ దాన్ని పోషిస్తోంది. కలలో ఏం కనిపిస్తే ఆ జంతువు మీద పందెం కాస్తారు. బొడ్డుతాడును చూసి దోనా ఎర్మీనియా “తొండం!” అని కేకవేసింది. అంతే, ఊరు ఊరంతా ఏనుగు మీద కాసింది. ఆ సాయంత్రం ఏనుగే వచ్చింది.

ఉన్నవి ఇరవై అయిదు జంతువులనీ, ఏనుగు కూడా అప్పుడప్పుడూ రాక తప్పదనీ నేను చెప్పబోయాను. పందెం గెలిచినవాడి చెవికి గణితం సోకదు. మర్నాటికి డాక్టర్ ఇయోలాండా ఖ్యాతి దిక్కులు దాటింది. నిన్నటి నకిలీ నేడు దేశంలోకెల్లా గొప్ప సంతాన నిపుణురాలు. జనం బస్సు మాట్లాడుకుని ఆమె దగ్గరికి బయల్దేరారు. గర్భిణులు, గర్భిణులు కానివారు, గంట కొట్టే బ్రహ్మచారి, అందరూ. బెలార్మినో చొక్కా ఎత్తి బల్లమీద పడుకున్నాడు.

“ఏం కనిపిస్తోంది, డాక్టరుగారూ?”

“కాలేయానికి కొవ్వు పట్టిందండీ.”

“అది కాదు, జంతువు! జంతువు చెప్పండి!”

పాప పుట్టింది. చట్టప్రకారం కాగితాల్లో జెనైదీ తల్లి. పాప వ్యాను తోలలేదు, ఏడ్చింది, ఆరోగ్యంగా. దాన్ని మొదటిసారి ఎత్తుకుని జెనైదీ తల వాసన చూసింది, కాఫీ గింజల్ని చూసినట్టే. “దింపేశానొదినా, మీ స్టాపు ఇదే,” అంది క్లియోనీసి, తడి కళ్లతో నవ్వుతూ.

ప్రసవమయ్యాక కుర్చీల సంగతి గమనించదగ్గది. మొదటి ఆదివారం క్లియోనీసి మెత్తటి కుర్చీలోంచి దిండు మాయమైంది. తర్వాత కుర్చీ బల్ల చివరికి జరిగింది. ఆ తర్వాత కూతురి కుర్చీ ఇంకెవరికో అవసరమైంది. బాప్తిస్మం విందు నాటికి తల్లీకూతుళ్లిద్దరూ వంటింట్లో నిలబడి పళ్లేలు అందిస్తున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. మా కుటుంబాలు చాలా మర్యాదస్తులవి.

బెలార్మినో దేవుడికి, సెయింట్ ఆంటోనీకి, విజ్ఞానశాస్త్రానికి, ఏనుగుకి, తనకి కృతజ్ఞతలు చెప్పాడు. “ఈ బిడ్డను ఈ వంశం మోసింది!” అని ముగించాడు. తర్వాత కుటుంబమంతా ఫోటోకు కూర్చుంది, నడుమ కుర్చీలో పాపతో జెనైదీ.

“క్లియోనీసీ! నువ్వొచ్చి తియ్యవే ఫోటో. నీ చెయ్యి వణకదు,” అని పిలిచాడు పెదనాన్న.

క్లియోనీసి చేతులు తుడుచుకుని వచ్చి ఫోను అందుకుంది. “అందరూ నవ్వండి. ఒకటీ... రెండూ...”

జెనైదీ లేచింది. పాపను ఎత్తుకుని నడిచి వెళ్లి ఫోనుకు ఇవతల, క్లియోనీసి పక్కన నిలబడింది. “ఊఁ, ఇప్పుడు నొక్కవే,” అంది. ఆమె వెనకే ఒటాసీలియో, వంటింట్లోంచి క్లియోనీసి కూతురు కూడా వచ్చి చేరారు. క్లియోనీసి నొక్కింది. ఆమె చెయ్యి నిజంగానే వణకలేదు.

ఆ ఫోటో ఇప్పుడు బంగారు రంగు ఫ్రేములో బెలార్మినో గారి హాల్లో వేలాడుతోంది. ఖాళీ కుర్చీ చుట్టూ వంశమంతా పళ్లు కనబడేలా నవ్వుతోంది. పాప ఏదని ఎవరైనా అడిగితే నిద్రపోతోందని ఆయన చెబుతాడు. ఇంతవరకూ అడిగింది ఒక్కరే. మిగతా అతిథులంతా చూసి, కుటుంబమంటే ఇలా ఉండాలి, ఒక్కరూ తక్కువ కాలేదు అని మెచ్చుకుని వెళ్తున్నారు.

మీ ఇంటి గోడమీదా ఇలాంటి ఫోటో ఒకటి ఉండే ఉంటుంది. బాగా వచ్చిందనే నా నమ్మకం. తీసిందెవరో గుర్తుందా?