జెర్కో పడవకి మంట ముహూర్తం

జెర్కో పాత పడవ కొన్నాడనీ, అది పునీత నికోలాకి మొక్కు చెల్లించడానికేననీ మాండె చేపల రేవులో చెప్పిందట. ఆమెకెవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే కిటికీ తీసింది, ఎదురింటి పెరట్లో పడవ కనిపించింది. మిగతాది ఆమె బుర్రలో దానంతటదే ఉడికింది.

ఆ ద్వీపంలో అలా అనుకోవడం వింతేమీ కాదు. ఏటా డిసెంబరు ఆరున గుడి ముందు ఒక పాత చెక్క పడవను తగలబెడతారు. పడవవాళ్ళను కాచే పునీతుడికి అది కానుక. ఆ బూడిద చిటికెడు పడనిదే ఎవరూ కొత్త పడవకి అడుగుదూలం పెట్టరు. ఇప్పుడేమో ఊరంతా ఫైబర్ పడవలే. ఈ ఏడు ఏం కాల్చాలా అని ఫాదర్ కుజ్మా సెప్టెంబరు నుంచీ బెంగపెట్టుకుని ఉన్నాడు.

జెర్కో ఉద్దేశం వేరు. ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పడవవాళ్ళ ఊళ్ళో పుట్టి సొంత పడవ లేనివాడు అతనొక్కడే. 'ఒడ్డు జెర్కో' అని పేరు పడిపోయింది. ఆ పేరుతోనే పోవడం ఇష్టంలేక, ముప్పై లీటర్ల ఒలీవ నూనె ఇచ్చి, పక్క రేవులో పదేళ్ళుగా బోర్లాపడి ఉన్న తెరచాప పడవను తెచ్చుకున్నాడు. పండుగనాటికి దాన్ని నీళ్ళలో దించాలి. ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నదే: కాఫీ తాగడం, కుళ్ళిన చెక్క ఒకటి ఊడబెరకడం, కొత్తది బిగించడం.

మొదటి చెక్క పీకుతుండగానే వడ్రంగి ష్పీరో గోడమీంచి తొంగిచూశాడు.

"దీనికి కొత్త చెక్కలేస్తున్నావా మావా?"

"మరి? చేస్తే సరిగ్గా చెయ్యాలి గదా."

ష్పీరో టోపీ తీసేశాడు. ఊరు ఇన్నేళ్ళుగా పునీతుడికి పుచ్చిపోయిన పడవలే అంటగడుతోంది. ఈ పోస్టుమాను బాగుచేసి మరీ ఇస్తున్నాడు! "నీలాంటోడు ఈ ఊళ్ళో పుట్టలేదు మావా," అని వెళ్ళిపోయి, సాయంత్రానికల్లా పడవ పక్కటెముకలకి పనికొచ్చే మల్బరీ దూలాలు మోసుకొచ్చాడు. డబ్బు మాటెత్తితే చెంపలేసుకున్నాడు.

మర్నాడు జాలరులు తారు తెచ్చారు. ఆ మర్నాడు నీలం రంగు వచ్చింది. ఒక ముసలాయన రెండు గంటలు పడవ పక్కన ఊరికే నిలబడి, దాని కడుపు నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

"వీళ్ళ వాలకం నాకేం నచ్చలా," అంది జెర్కో భార్య పెరీనా. "మనకి ఉప్పు కూడా అప్పివ్వని జనం."

"పనితనం పెరీనా, పనితనం! చూసేవాడికి తెలుస్తుంది."

నవంబరులో మాండె, పోయిన మొగుడి తెరచాప పట్టుకొచ్చింది. ఇరవై ఏళ్ళు పెట్టెలో దాచిన గుడ్డ.

"వదినా, ఇంత మంచిది ఇస్తున్నావ్. చిరిగితే మళ్ళీ తేలేను."

"తిరిగొస్తుందని ఇవ్వట్లేదులే నాయనా," అని ముక్కు చీదింది.

ఒకరోజు జెర్కోయే ష్పీరోని అడిగాడు: "అవునూ, ఈ ఏడు కాల్చడానికి పడవ దొరికిందటగా, ఎవరిదిరా?"

ష్పీరో అతన్ని దేవుణ్ణి చూసినట్టు చూశాడు. ఇచ్చినవాడే తెలియనట్టు అడగడం! అంత నిగర్వం ఎక్కడా చూడలేదు. "పెద్ద మనసున్నవాడిదిలే మావా," అన్నాడు.

"దొరకడం మంచిదైంది," అన్నాడు జెర్కో మనస్ఫూర్తిగా.

పండుగనాడు తెల్లవారగానే ఇరవై మంది వచ్చి పడవను భుజాలకెత్తుకున్నారు. జెర్కో ఛాతీ పొంగింది. సందు చివర వాళ్ళు కుడికి తిరగాలి. ఎడమకి తిరిగారు.

"ఒరేయ్, సముద్రం ఇటురా!"

"తెలుసు మావా. గుడి ఇటు."

అడుగు తర్వాత అడుగు పడేసరికి అర్థమైంది. పరుగెత్తుకెళ్ళి, మోస్తున్న పడవలోకే ఎక్కి కూర్చున్నాడు. దానం చేసినవాణ్ణి ఊరేగించడం న్యాయమేననుకుని జనం పాట అందుకున్నారు. అతను అరిచిన అరుపులు పాటలో కలిసిపోయాయి.

గుడి ముందు కట్టెల మీద పడవను నిలబెట్టి, తెరచాప ఎత్తారు. అప్పుడు కొండమీంచి గాలి వచ్చింది. గుడ్డ ఒక్కసారిగా నిండింది. పడవ మెల్లగా వణికి, కట్టెలమీద ఉన్నదల్లా సముద్రానికి బయల్దేరేదానిలా ముక్కు పైకెత్తింది. పాట ఆగిపోయింది. అంత అందమైన పడవను ఆ ఊరు చూసి ఒక తరం అయింది. ఫాదర్ కుజ్మా చేతిలో కాగడా కాలుతూనే ఉంది, చెయ్యి మాత్రం ముందుకి రాలేదు.

ఆ నిశ్శబ్దంలో జెర్కో గొంతు వినిపించింది. "ఇది నాది ఫాదర్. నేను సముద్రంలోకి పోవడానికి చేసుకున్నది. ఎవరు మొక్కారు? ఎవరిచ్చారు?"

అందరూ మాండె వైపు చూశారు. మాండె తెరచాప వైపు చూసింది.

"మరి పునీతుడికేం ఇస్తాం?" అన్నాడు ఫాదర్, ఏడుపు గొంతుతో. "బూడిద లేకపోతే వచ్చే ఏడు ఒక్క పడవ మొదలవదు."

ష్పీరో ముందుకొచ్చాడు. "ఫాదర్, ఇందులో పాతదల్లా అడుగుదూలం ఒక్కటే. మిగతా పడవంతా నా చేత్తో పీకి జెర్కో మావ పెరట్లో పేర్చాను. అసలు పాత పడవ అదే. తెచ్చి కాల్చేద్దాం!"

జనానికి ప్రాణం లేచొచ్చింది. ఫాదర్ ఆకాశానికి దణ్ణం పెట్టాడు. నలుగురు కుర్రాళ్ళు అప్పటికే మెట్లు దిగబోయారు.

గుడి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ పెరీనా వాళ్ళను ఆపింది.

"అక్కడేం లేదు, పోకండి. రెండు నెలలుగా పడవ పనికి వచ్చిన ప్రతివాడూ నా ఇంట్లో వేడివేడి రొట్టె తిన్నాడు గదా, దేంతో కాల్చాననుకున్నారు? బూడిద పొయ్యిలో ఉంది, తట్ట తెచ్చుకుని ఎత్తుకుపోండి."