డ్యాష్‌బోర్డు గారి సంజాయిషీ

ఏ వస్తువునైనా బిగించడానికి ఒక మనిషి, ఒక స్పానరు చాలు. విప్పడానికి మాత్రం ఒక పరిపాలనా వ్యవస్థ కావాలి. మానవజాతి ఇంత దూరం నడిచొచ్చింది ఈ సత్యం కనుక్కోవడానికేనంటే ఎవరూ ఒప్పుకోకపోవచ్చు గానీ, ప్రాచీన వాహన పరిరక్షణ కార్యాలయం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకుని మూడంతస్తుల భవనం కూడా కట్టించుకుంది. (లిఫ్టు ఉంది. అదీ ప్రాచీనమే కాబట్టి బాగుచేయడానికి ఎవరూ సాహసించలేదు.)

గుమాస్తాకు ఈ సత్యం ఆలస్యంగా తెలిసింది. గుమాస్తా అంటే ఇప్పుడు గుమాస్తా కాదు. ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో సగం జీవితం ఉత్తరాలు రాస్తూ గడిపి, ఒక సాయంత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా, 'రేపట్నుంచి మిరు రానవసరం లేధు' అన్న సందేశం ఫోన్లో చదువుకుని మాజీ అయ్యాడు. ఆ ఒక్క వాక్యంలో రెండు అక్షరదోషాలున్నాయి. ఉద్యోగం పోయినందుకు ఎంత బాధపడ్డాడో, దాన్ని తనచేత దిద్దించనందుకు అంతకంటే కాస్త ఎక్కువే బాధపడ్డాడు.

ఆ తర్వాత ఇల్లు గడిచింది మేనమామ చలవ వల్ల. పిల్లాజెల్లా లేని ఆ మేనమామ పోతూ పోతూ మేనల్లుడికి ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు వదిలిపోయాడు. రెండే సీట్లు, టాపు లేదు, చెక్క డ్యాష్‌బోర్డు, దాని మీద గుండ్రటి గాజు మీటర్లు. కొత్త జంటల్ని అందులో కూర్చోబెట్టి ఫొటోలు తీయడానికి ఒక ఫొటోగ్రాఫరు దాన్ని అద్దెకు పిలిచేవాడు. గుమాస్తా కారును తోటదాకా నడుపుకుంటూ వెళ్లి, జంటకు అప్పగించి, ఫొటోలో పడకుండా పొద వెనక కూర్చునేవాడు. ప్రస్తుతం అతని ఉద్యోగం అదే. వేరే ఆధారం లేదు.

సరిగ్గా పెళ్లిళ్లు ముంచుకొస్తున్న రోజుల్లో డ్యాష్‌బోర్డు వెనకనుంచి కాలిన వాసన మొదలైంది. లైటు స్విచ్చి వేస్తే సన్నగా పొగ కూడా వచ్చింది.

మేస్త్రి స్టీరింగు కిందకి తల దూర్చి, టార్చి వేసి, కాసేపు మూలిగి బయటికొచ్చాడు.

"లోపల వైరు కాలుతోంది సార్. డ్యాష్‌బోర్డు విప్పితే తప్ప చెయ్యి పోదు. స్టీరింగు తీసి, మీటర్ల వెనక తీగలకి చీటీలు కట్టి, స్పీడోమీటరు కేబులు వదులు చేసి, నాలుగు బోల్టులు తీస్తే పలక మొత్తం ఒళ్లోకి వచ్చేస్తుంది. అంతవరకూ బండి తియ్యకండి. పెళ్లికూతురి ఒళ్లో మంటలొస్తే ఫొటోకి బాగుంటుంది గానీ మనకి బాగుండదు."

"అయితే విప్పేయ్, ఆలస్యమెందుకు?"

"అమ్మో! మీ బండి రక్షిత జాబితాలో ఉందిగా. కాగితం లేకుండా ముట్టుకుంటే నా షెడ్డుకి తాళం వేస్తారు."

నిజమే. యాభై ఏళ్లు దాటి, పుట్టినప్పటి భాగాలతోనే ఉన్న ప్రతి వాహనాన్నీ కార్యాలయం తన జాబితాలోకి ఎక్కించుకుంటుంది. ఆ క్షణం నుంచి దాని మీద యజమానికి మిగిలే హక్కు దుమ్ము తుడవడం. (పొడిబట్టతో. తడిబట్టకు వేరే అనుమతి.)

గుమాస్తా దరఖాస్తు రాయడానికి కూర్చున్నాడు. చాలాకాలానికి చేతికి కలం దొరికింది.

"ఏముందండీ, డ్యాష్‌బోర్డు విప్పి మళ్లీ బిగించుకుంటాం అని రాసి పడేయండి," అంది భార్య.

"దరఖాస్తులో విప్పడమేంటి? అది చొక్కాకి వాడే మాట," అని కసిరి, 'డ్యాష్‌బోర్డు తొలగింపునకై అనుమతి కోరుట' అని రాశాడు. 'తొలగింపునకై' దగ్గర కలం ఎత్తి ఒకసారి మురిసిపోయాడు కూడా.

అక్కడే కొంప మునిగింది. కార్యాలయం కింది అంతస్తులో 'విప్పుట, బిగించుట' అని ఒక కిటికీ ఉంది. అక్కడి మనిషి టీ తాగుతూనే ముద్ర కొట్టి పంపించేస్తాడు. తొలగింపులు మూడో అంతస్తు. అక్కడ ఆ మాటకు ఒకటే అర్థం: విధుల్లో ఉన్నవారిని తప్పించుట. తప్పించాలంటే ఆరోపణ ఉండాలి, నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరగాలి. ఈ నిబంధనలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. అమలు మాత్రం ఖచ్చితంగా జరుగుతోంది.

గుమాస్తా మెట్లెక్కి, ఆయాసపడుతూ విచారణాధికారికి దణ్ణం పెట్టాడు. "అయ్యా, నా ఉద్దేశం విప్పడమేనండీ. మాట మార్చి రాసిస్తాను."

విచారణాధికారి మంచివాడు. అదే చిక్కు. "ఉద్దేశాలకి కిటికీ లేదు బాబూ. మీరు ఫిర్యాదు చేసేశారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆ డ్యాష్‌బోర్డు మీద పడ్డ మచ్చ ఎవరు కడుగుతారు? విచారణ అయ్యేదాకా దాని దగ్గరికి స్పానరు పోకూడదు. బెదిరించినట్టవుతుంది."

మర్నాడు బంట్రోతు నోటీసు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. నోటీసు ముద్దాయికి స్వయంగా చదివి వినిపించాలని నియమం. టోపీ సర్దుకుని, తలుపు తీసి, సీటులో ఒద్దికగా కూర్చుని, మీటర్ల వైపు చూస్తూ చదివాడు. "తమరిని విధులనుండి ఎందుకు తొలగించరాదో తగు కారణములతో సంజాయిషీ సమర్పించుకొనవలెను. తమకు నచ్చిన సహోద్యోగి సాయము పొందవచ్చును." చదివాక మేస్త్రి వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. "వినబడిందంటారా?"

"ఇంజను ఆపే ఉందిగా. వినబడే ఉంటుంది," అన్నాడు మేస్త్రి.

బంట్రోతు స్పీడోమీటరు గాజుకు నోటీసు అంటించి, పోతూ పోతూ డ్యాష్‌బోర్డు మీద ఓదార్పుగా ఒక చెయ్యి వేశాడు. (ఉద్యోగాల సంగతి తెలిసినవాడు.)

రోజులు గడిచాయి. డ్యాష్‌బోర్డు నోరు విప్పలేదు. ఫొటోగ్రాఫరు మాత్రం ఫోన్లో విప్పాడు. "సార్, ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ మీ బండిని చూపించి ఒప్పుకున్నవే. ఆదివారం రాకపోతే నేను ఇంకో బండి మాట్లాడుకోవాలి. తర్వాత మీరొచ్చినా లాభం లేదు. ఏమనుకోకండి."

గుమాస్తాకు భయం పట్టుకుంది. రెండోసారి కూడా ఫోన్లోనే పోతుందన్నమాట ఉద్యోగం! అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. భార్య మంచం మీద దుప్పటి దులుపుతూ అంది. "ఆ చెక్కముక్క ఏమంటుందోనని ఇంతమంది చెవులు రిక్కించుకు కూర్చున్నారు. నేనేమంటానో ఈ ఇంట్లో ఒక్కనాడూ ఎవరూ అడగలేదు."

"ఏమంటావు?"

"విప్పడం అని రాయమన్నాను."

శనివారం విచారణ. లిఫ్టు పనిచేయని కారణంగా డ్యాష్‌బోర్డుకు హాజరు నుంచి మినహాయింపు ఇచ్చారు. సహోద్యోగిగా స్టీరింగు వచ్చింది. దాన్ని విప్పడానికి మేస్త్రి కింది కిటికీలో క్షణంలో ముద్ర కొట్టించుకున్నాడు. తువ్వాలులో చుట్టి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫిర్యాదుదారుకు కుర్చీ లేదు. గుమాస్తా నిలబడ్డాడు.

"ఆరోపణలు చెప్పండి," అన్నాడు విచారణాధికారి.

"పొగ వస్తోందండీ."

"పొగ వైరుది. వైరు తప్పు డ్యాష్‌బోర్డు మీద రుద్దుతారా? ఇంకా?"

గుమాస్తా తెగించాడు. "పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుందండీ. ట్యాంకు నిండుగా ఉన్నా సగమే, ఎండిపోయినా సగమే."

విచారణాధికారి ఆ మాట రాసుకుని, చదువుకుని, తల పంకించాడు. "కష్టంలోనూ సుఖంలోనూ ఒకేలా ఉందంటారు. దీన్ని మేం సమభావం అంటాం. ఒక్కరోజైనా సెలవు పెట్టిందా?"

"లేదండీ."

"ఎండలో, వానలో, టాపు కూడా లేకుండా! ఎదురు చెప్పిందా?" ఆయన స్టీరింగు వైపు తిరిగి కొంతసేపు మర్యాదగా ఆగాడు. స్టీరింగు విభేదించలేదు.

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. డ్యాష్‌బోర్డు మచ్చలేని సేవకురాలు. దానిని యథాస్థానంలో గౌరవంగా కొనసాగించాలి. మళ్లీ అలాంటి ఫిర్యాదు చేయబోనని యజమాని హామీ ఇవ్వాలి. ఇక వైరు విషయం. డ్యాష్‌బోర్డును కదపకుండా వైరు మార్చుకోవడానికి కార్యాలయానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు.

"అది కుదరదు సార్, నా చెయ్యి గాలితో చేసింది కాదు," అన్నాడు మేస్త్రి. ఆ మాట నమోదు కాలేదు.

జేబులో ఫోన్ మోగింది. ఫొటోగ్రాఫరు. గుమాస్తా తీయలేదు. ఎన్నాళ్లుగానో అనాలనుకున్నది అనేశాడు. "చెక్కముక్కని తీసేయడానికి ఇంత విచారణ చేశారు. నోటీసు చదివి వినిపించారు, తోడు ఇచ్చారు, నోరు లేకపోతే మౌనాన్ని కూడా విన్నారు. సగం జీవితం పనిచేసిన నన్ను బస్సులో ఒక్క ముక్కతో తీసేశారండీ. ఎందుకని అడిగినవాడు లేడు. నేను చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా అని అడిగినవాడు లేడు."

విచారణాధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

"ఘోరం బాబూ. మీకు యాభై దాటాయా?"

"దాటాయండీ." గుమాస్తా గొంతులో ఎక్కడో చిన్న ఆశ మెదిలింది.

"మరింకేం! రక్షిత జాబితాకి పెట్టుకోండి. అందులో ఉంటే ఎవరి అబ్బతరమూ కాదు, మా అనుమతి లేకుండా మిమ్మల్ని కదిలించడం." ఆయన ఉత్సాహంగా కలం మూత తీశాడు. "భాగాలన్నీ పుట్టినప్పటివేనా?"

గుమాస్తా అబద్ధం ఎరగడు. "నోట్లో ఒకటి పెట్టుడు పన్నండీ."

విచారణాధికారి కలం మూత పెట్టేశాడు.

"అయితే కుదరదు."